అవ్వ దగ్గర దాచిన దగ్గు

మా నాయన కరోనా సూది వేయించుకున్న రోజు జబ్బకు ఎర్రరంగు పూసుకుని ఊళ్ళోకి వచ్చాడు. మేము గొర్రెల మనుషులం. ఉదయగిరి కొండ కనిపించే మా ఊళ్ళో మందకు సూదులు వేసేటప్పుడు, వేసినదాన్నే మళ్ళీ పట్టుకురాకుండా ఒక్కో గొర్రె వీపు మీద కాస్త రంగు పూస్తారు. నాయన ఆ డబ్బాలోంచే తీసి తనకూ పూసుకున్నాడు. ఎందుకు నాయనా ఈ వేషం అంటే, "నాకేసినారని ఊరికి తెలియొద్దా" అన్నాడు. తమాషాకు మొదలైంది కాస్తా ఊరి అలవాటైపోయింది. బడి దగ్గర సూది వేయించుకున్న ప్రతివాడూ నాయన దగ్గరికి వచ్చి రంగు పూయించుకుని పోయేవాడు. జబ్బ మీద రంగు లేనివాణ్ణి టీకొట్టు దగ్గర ఏడిపించేవాళ్ళు. మా ఊళ్ళో సగం మంది చేత సూది వేయించింది మా నాయనే అని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఆయన మాట చెల్లనిది ఒక్కరి దగ్గరే, కన్నతల్లి దగ్గర. మా అవ్వకు ఎనభై దాటాయి. మొదటిసారి నర్సమ్మ వచ్చినప్పుడు కడుపునొప్పని ముసుగు తన్ని పడుకుంది. రెండోసారి పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి అనంతసాగరంలో చెల్లెలింటికి చెక్కేసింది. "ఆ మందు పిల్లోళ్ళకెయ్యండిరా, నాకెందుకు" అనేది. నాయన బతిమాలాడు, అలిగాడు, ఒకపూట అన్నం కూడా మానేశాడు. చివరికి, "సూది ఏయించుకుంటే కరోనా మన గడప తొక్కదమ్మా, నాది పూచీ" అని ఒట్టు వేసినంత పని చేశాడు. ఆ పూచీయే తర్వాత ఆయన పీకకు చుట్టుకుంది.

ఎట్టకేలకు అవ్వ మెత్తబడింది. ఈసారి నర్సమ్మ వస్తే వేయించుకుంటానంది. నాయన ఆ సంతోషం పట్టలేక నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. నేను ఆత్మకూరులో బట్టలు కుడతాను, మా ఆయన షేర్ ఆటో నడుపుతాడు. ఊరికీ మాకూ పెద్ద దూరం లేదు కానీ, కరోనా మళ్ళీ లేచిందని టీవీల్లో చెబుతున్న రోజులు కావడంతో రాకపోకలు తగ్గించుకున్నాం.

తర్వాత నాలుగు రోజులకేమో అమ్మ ఫోన్ చేసింది. "మే, మీ నాయన చేని కాడ దొడ్డిలో పడుకుంటుండాడు. సూడి గొర్రె ఈనబోతుండాదంట, కాపలా ఉండాలంట. అన్నం తీసుకుపోతే కంచె ఇవతలే పెట్టి పొమ్మంటాడు. దగ్గు ఇనబడతా ఉండాది."

జబ్బుచేసిన గొర్రెను మందలోంచి వేరుచేసి చేని చివర చిన్న దొడ్డిలో ఉంచడం, మేతా నీళ్ళూ విడిగా పెట్టడం మావాళ్ళ పద్ధతి. మా నాయన తనను తానే తీసుకెళ్ళి అక్కడ కట్టేసుకున్నాడు. తెలిసిన మెడికల్ షాపు ఆయన దగ్గర వేలికి తగిలించే ఆక్సిజన్ మిషన్ అడిగి తీసుకుని, మా ఆయన ఆటోలో బయల్దేరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయం వేస్తే అది ఇంకా పైకి పోతుంది. దారి పొడుగునా మా ఆయన నోరు విప్పలేదు, పాపం ఆయనకు అనుభవం.

నాయన నులక మంచం మీద తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన దొడ్డిలో ఒకే ఒక జీవం నెమరేస్తూ నన్ను చూసింది. దానికి ఇంత లావు కొమ్ములున్నాయి. పొట్టేలు.

"ఇదేనా నాయనా ఈనబోతుండేది?" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. నా కోపమంతా అక్కడే నీరుగారిపోయింది.

"కరోనా ఇది" అన్నాను.

"కాదు. రెండేయించుకున్నా గదా."

"మరి ఇట్టొచ్చి ఎందుకు పడుకున్నావు?"

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "శుక్రవారం నర్సమ్మ వస్తది పాపా. మీ అవ్వ ఏయించుకుంటానని నోటితో అనింది. నాకొచ్చిందని తెలిస్తే ఇంక ఈ జన్మలో ఏయించుకోదు. శుక్రవారం దాకా నువ్వు గమ్మునుండు. తర్వాత యాడికి రమ్మంటే ఆడికి వస్తా."

వేలికి మిషన్ తగిలిస్తే అంకె తొంభై దాకా రాలేదు. శుక్రవారం దాకా ఆగుతాడట. అప్పుడే అన్నం తెచ్చిన అమ్మ మీదా, నాయన మీదా, ఆ పొట్టేలు మీదా అరిచి, మా ఆయనా నేనూ చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎక్కించాం. ఎక్కేముందు ఒక్క షరతు పెట్టాడు. అవ్వకు చెప్పకూడదు. సోమశిల వైపు గొర్రెలు బేరానికున్నాయని, చూడ్డానికి పోయానని చెప్పాలి.

అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. నేను దూరంగానే నిలబడి, ముక్కూ మూతీ కప్పుకుని, తడబడకుండా చెప్పాను. "సోమశిలకా? సరే" అని లోపలికి పోయి మందపాటి దుప్పటి తెచ్చి అరుగు చివర పెట్టింది. "ఇది ఇయ్యి వాడికి. ఏటిగట్టున చలిగా ఉంటది." అబద్ధం ఎంత బాగా అతికిందో అని నాకు నేనే మురిసిపోయాను.

ఆత్మకూరు ఆసుపత్రిలో పరీక్ష చేసి కరోనానే అన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. షుగర్ కూడా బాగా పెరిగి ఉంది. డాక్టరు చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. నేను అతని మీద కూడా లేచాను. రెండు సూదులు వేయించుకున్న మనిషికి ఇదెట్లా వచ్చింది, మీరు వేసింది మందా నీళ్ళా అని అడిగాను.

"వేయించుకున్నా రావచ్చమ్మా" అన్నాడు. "చాలామందికి జలుబులా వచ్చి పోతుంది. వయసు, షుగర్ రెండూ ఉన్నవాళ్ళలో కొందరికి ఇలా ముదురుతుంది. సూదులు పడ్డాయి కాబట్టే తట్టుకుంటాడని నా ఆశ. అవి కూడా లేకపోతే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు."

ఆ మాట నాకు సగమే ఎక్కింది. ఆశ అన్నాడు కానీ తప్పకుండా అనలేదు. నాయన ఆ మంచం మీద ఎంత చిన్నగా కనిపించాడో చెప్పలేను. నేను బయట వరండాలో కూర్చుని, ఏ పుణ్యానికి ఊరందరి జబ్బలకూ రంగు పూశాడో ఈయన అని ఏడ్చాను. ఆయన మాత్రం కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "అవ్వకు తెలీలేదు గదా?" లేదు నాయనా, లేదు. "శుక్రవారం గుర్తుచెయ్యమను మీ అమ్మను." ఊపిరి లెక్క చూసుకోవాల్సిన మనిషి శుక్రవారానికి రోజులు లెక్క చూసుకుంటున్నాడని నర్సులు నవ్వేవాళ్ళు.

గురువారానికి కాస్త తేరుకున్నాడు. ఆక్సిజన్ తగ్గించి చూద్దామన్నారు. శుక్రవారం పొద్దున ఇడ్లీ ముక్క నోట్లో పెడుతుంటే అమ్మ దగ్గర్నుంచి ఫోన్. పక్కనే బడిపిల్లల గోల వినిపిస్తోంది.

"మే, మీ అవ్వ నాకు చెప్పకుండానే లేచి, తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని బడి కాడికి వచ్చేసింది. నర్సమ్మకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చోనుండాది. ఏయించుకునింది కూడా. ఇంద, నీతో మాట్లాడాలంట. కాదు కాదు, మీ నాయనతోనంట."

నేను గాభరాపడి స్పీకర్ పెట్టి ఫోన్ నాయన దగ్గర పట్టుకున్నాను. ఆయన దగ్గు రాకుండా గొంతు సవరించుకుని సిద్ధమయ్యాడు.

"ఏమిరా, గొర్రెలు కొన్నావా?" అంది అవ్వ.

"బేరం తెగలేదమ్మా."

"ఆసుపత్రిలో ఎట్టా తెగతదిరా బేరం."

నాయన నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, నేను చెప్పలేదు.

"మన మందలో ఈ నెల ఈనే గొర్రె ఒక్కటీ లేదు. నువ్వు దొడ్డిలో మంచమేసిన రోజే తెలుసు నాకు" అంది. "దాచిపెట్టుకుంటుండావు గదా, దాచిపెట్టుకోనీలే అని గమ్మునున్నా."

"నన్ను చూసి నువ్వు మానుకుంటావనమ్మా" అన్నాడు నాయన. "నాది పూచీ అని చెప్పినా గదా నీకు. నాకే వచ్చె."

"నిన్ను చూసే ఏయించుకున్నారా. రెండు సూదులు పడినోడివి, నిన్నే రెక్కలు పట్టుకుని ఆటో ఎక్కిచ్చినారంట గదా. ఒక్కటీ పడని నాకొస్తే నేనుంటానా? నువ్వు ఇంటికొచ్చేటప్పటికి ఇంట్లో నేనుండొద్దా?"

నాయన ఫోన్ పక్కకు నెట్టి, అవ్వ ఇచ్చిన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకూ కళ్ళు కనపడటం లేదు. ఫోన్‌లో అవ్వ నన్ను పిలిచింది.

"మే పాపా, వాణ్ణి ఏడవొద్దని చెప్పు. ఆయాసమెక్కువైతది."