మూడోసారి కడగని తొట్టి

తొక్కే కదా అని తీసిపారేసేవాళ్ళంటే మాస్టారికి ఒళ్ళు మంట. పండు తిని తొక్క చెత్తబుట్టలో వేసిన చుట్టాలను కూర్చోబెట్టి పావుగంట క్లాసు పీకిన రోజులున్నాయి. "రంగంతా తొక్కలోనే ఉంటుందండీ. కోసిన ఆపిల్ ముక్క నల్లబడుతుంది చూశారా, అలా నల్లబడకుండా ఆపే సరుకు కూడా తొక్కలోనే ఎక్కువ. యాంటీ ఆక్సిడెంట్లంటారు" అని మొదలుపెడితే, "వాళ్ళు టీ తాగడానికొచ్చారు, పరీక్ష రాయడానికి కాదు" అని భార్య వంటింట్లోంచి కేకేసేదాకా ఆగేవాడు కాదు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ద్రాక్ష తొక్కల నుంచి రంగు తీసే ఓ చిన్న కార్ఖానాలో పాతికేళ్ళుగా వడపోత గది చూస్తున్నాడు. ఈ ఉపన్యాసాల వల్లే మాస్టారన్న పేరు అతుక్కుంది.

అక్కడ పని ఇలా జరుగుతుంది. రసం మిల్లు నుంచి నల్లద్రాక్ష తొక్క ట్రేలలో వస్తుంది. ఏరే బల్ల మీద బూజు పట్టినది, పులిసిపోయినది తీసేస్తారు. మిగిలినదాన్ని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే రంగు దిగుతుంది. దాన్ని వడకట్టి, చిక్కబరిచి, వెలుతురు తగలని సీసాల్లో పోస్తారు. పులుపు ఉన్నంతసేపూ ఆ రంగు ఎర్రగా కళకళలాడుతుంది. చాకలి సోడా తగిలిందా, ముందు నీలమై, తర్వాత పచ్చబడి, చివరికి బురదలా తయారవుతుంది. అందుకే తొట్టిని సోడాతో తోమాక రెండుసార్లు మంచినీళ్ళతో, మూడోసారి నిమ్మ ఉప్పు నీళ్ళతో కడిగి తీరాలి. ఈ నియమం పెట్టింది మాస్టారే. గుండ్రటి చేతిరాతతో రాసి గోడకు అంటించిందీ ఆయనే.

ఏరే బల్ల దగ్గర ఉండేది ఆయన వదిన, అంటే భార్యకు స్వయానా అక్క. ఆ పనిలో ఆమెను పెట్టించింది కూడా ఆయనే, ఆమె ముక్కు చూసి. అబ్బో, ఏం ముక్కది! ట్రే మూత తీయకముందే "ఇందులో అడుగున రెండు గుప్పెళ్ళు పోయాయి" అనేది. తీసి చూస్తే సరిగ్గా రెండు గుప్పెళ్ళే. పక్కింట్లో పప్పు మాడబోతోందని వీళ్ళింట్లోంచి కేకేసి చెప్పిన మనిషి. కార్ఖానాలో అందరికీ ఆమె ముక్కు వదినే. ఆ పేరుకు ఆమె చిన్నబుచ్చుకోకపోగా, మేనేజరు ఎదుట కూడా కాస్త ముక్కెగరేసి మరీ పలికేది.

ఏడాది కిందట ఓ రోజు, సరుకు కొనేవాళ్ళెవరో కార్ఖానా చూడటానికొచ్చారు. మాస్టారు అప్పుడే తొట్టి రెండోసారి కడిగాడు. ఉపన్యాసం ఇచ్చే అవకాశం గుమ్మంలోకొస్తే ఆ మహానుభావుడు ఆగుతాడా? వచ్చాక కడగొచ్చులే అనుకుని పైపు పక్కన పడేసి వెళ్ళాడు. గంటన్నర మాట్లాడి, పొంగిపోయి, మూడోసారి సంగతే మరిచిపోయి తిరిగొచ్చాడు. కడిగిన లెక్క చూపే కాగితంలో మూడు గళ్ళలోనూ టిక్కు పెట్టి, తొక్క పోయించాడు.

మర్నాడు పొద్దున మూత తీస్తే తొట్టి నిండా బురద. ఆరు ట్రేల తొక్క వృథా.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "తొట్టి కడిగారా మాస్టారూ?"

"మూడుసార్లూ కడిగాను. కాగితం చూడండి."

"మరైతే ఏమైనట్టు?"

ఆ పనిలో ఆరు నెలలున్నవాడికైనా అర్థమయ్యే సంగతి పాతికేళ్ళ మనిషికి తెలియక కాదు. తెలిసింది. కానీ చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నారు, గోడ మీద తన చేతిరాత ఉంది. "తొక్కలోనే తేడా ఉండి ఉంటుంది" అన్నాడు. అంతే. ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకున్నాడు. వదిన పేరు ఎత్తలేదు కదా అని తర్వాత తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తొక్క అంటే ఆమే అని అక్కడున్న పిల్లికి కూడా తెలుసు. ఆ మధ్యాహ్నం తొట్టి కింది గొట్టం వంపు విప్పితే కరగని సోడా గడ్డలు పచ్చటి మరకలతో బయటపడ్డాయి. వాటిని మాస్టారు ఎవరూ చూడకుండా కాలవలో కడిగేశాడు. మూడోసారి కడగలేదన్న దానికి ఇక అనుమానమే లేదు ఆయనకు.

వదిన వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. "నాకు మంచిగానే అనిపించాయే" అని గొణిగి, చేతులు తుడుచుకుని నిలబడింది. మేనేజరు ఆమెను సీసాలకు చీటీలంటించే బల్లకు మార్చాడు. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. పోయిందల్లా ఇంకోటి.

ముందు పాలతో మొదలైంది. శుభ్రమైన పాలు విరిగాయేమోనని గిన్నెడు పారబోసింది. తర్వాత కూరలు. చెల్లెలింటికొస్తే చాలు, "ఇది బాగుందా చూడవే, నా ముక్కు మీద నమ్మకం లేదు" అని గరిటె పట్టుకుని వెంట తిరిగేది. ముక్కుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. అంతా బాగానే ఉందని ఆయనంటే, ఆయనకేం తెలుసులే అంది. అలా గరిటె పట్టుకుని ఆమె వచ్చినప్పుడల్లా మాస్టారు కంచంలోకి తల దించేసుకునేవాడు. చెప్పేద్దామని నోరు తెరిచేవాడు, మంచినీళ్ళు అడిగి మూసేవాడు. చుట్టాలు పండ్లు తిని తొక్కలు పారేస్తున్నా ఉపన్యాసాలు మానేశాడు. ఒంట్లో బాగోలేదేమోనని భార్య కంగారుపడింది.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర వదిన నవ్వుతూ ఓ సంగతి చెప్పింది. అంతకుముందు రోజు వంటింట్లో గ్యాసు వాసన వచ్చిందట. గంటసేపు వస్తూనే ఉందట.

"మరి ఆపలేదా అక్కా?" అంది చెల్లెలు, చేతిలో ముద్ద అలాగే ఉండగా.

"నా ముక్కు మాట నమ్మేదేముందిలే అని ఊరుకున్నా. మా అమ్మాయి కాలేజీ నుంచొచ్చి గుమ్మంలోనే గావుకేక పెట్టి కట్టేసింది. పైపు చీలిందట. అప్పటికి నేను టీ పెట్టుకుందామని అగ్గిపెట్టె తీసుకున్నాను కూడా."

వదిన మళ్ళీ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. మాస్టారు కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. చెయ్యి కడుగుతూనే ఉన్నాడు, భార్య వచ్చి కుళాయి కట్టేసేదాకా.

మర్నాడు ఆయన నేరుగా మేనేజరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు తల గోక్కుని, "ఏడాది కిందటి సంగతి ఇప్పుడెందుకండీ" అన్నాడు. "నాకు కావాలి. ఆవిణ్ణి మళ్ళీ ఏరే బల్ల దగ్గర పెట్టండి" అన్నాడు మాస్టారు. అక్కడినుంచి చీటీల బల్ల దగ్గరికి నడిచాడు.

"వదినా, ఆ రోజు తొక్క మంచిదే. మూడోసారి తొట్టి కడగలేదు నేను. సోడా ఉండిపోయింది."

ఆమె చేతిలో చీటీ వేలికి అంటుకుపోయింది. "సోడానా?"

"సోడానే."

"మీకెప్పుడు తెలిసింది మరిదిగారూ?"

నాలుగు రోజుల కిందట అనొచ్చు. నెల కిందట అనొచ్చు. "ఆ రోజే" అన్నాడు.

ఆమె తిట్టలేదు. చీటీని వేలి నుంచి మెల్లగా ఊడదీసి, బల్ల అంచుకు అంటించింది. పక్క బల్లలవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. "ఆ సంగతి ఇలా అందరిలో చెప్పారు, అది నయం" అంది చివరికి. "ఏడాది పాటు నన్ను నేను పిచ్చిదాన్ననుకున్నాను."

"తప్పయింది వదినా" అన్నాడు మాస్టారు. అంతే, రెండే మాటలు. పావుగంట ఆగకుండా మాట్లాడే మనిషి.

ఆమె లేచి ఏరే బల్ల దగ్గరికి వెళ్ళింది. అప్పుడే దించిన ట్రే మూత తీసింది. ఇదివరకైతే మూత తీయకుండానే చెప్పేది. గుప్పెడు తొక్క తీసుకుని కళ్ళు మూసుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. అడుగు నుంచి ఇంకో గుప్పెడు తీసింది. మాస్టారు వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఇవి పోయినట్టున్నాయి" అంది. ఆ వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమో. బాగానే ఉన్నాయేమో." తొక్క ఉన్న అరచేతిని ఆయన ముందుకు చాపింది. "మీరొకసారి చూడండి మరిదిగారూ."

ఆయన వంగి వాసన చూశాడు. ద్రాక్ష వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఈ పాతికేళ్ళలో ఎన్నడూ తెలియలేదు. తలెత్తేసరికి వదిన ఆయన ఏం చెబుతాడా అని ముఖంలోకే చూస్తూ ఉంది.