మారుడి సేనలో సంలీ చెయ్యి

ఫెచ్చబురి బౌద్ధ గుడి గోడ మీద లమ్యాయ్ వేసిన బొమ్మలో భూదేవి జుట్టు పిండింది, ఆ నీళ్లకి వరద పొంగింది, తపస్సు చెడగొట్టడానికొచ్చిన మారుడి సేన మునిగింది. అంతవరకూ భేషుగ్గా ఉంది. మునిగేవాళ్ల మొహాల్లోనే భయం లేదు. అందరూ సోంగ్‌క్రాన్ నీళ్ల పండగలో తడుస్తున్నట్టు ఇకిలిస్తున్నారు.

"ఏంటమ్మా లమ్యాయ్! మొక్కేవాళ్లు తమ భయాల్ని ఆ సేనలో చూసుకోవాలి కదా. వీళ్లేంటి, షికారుకొచ్చినట్టున్నారు?" అన్నారు పెద్ద భిక్షువు. ఈ వారంలో కుదరకపోతే గోడను బ్యాంకాక్ చిత్రకారుడికి అప్పగిస్తామని కూడా మెల్లగా అన్నారు. లమ్యాయ్ తాతా, తండ్రీ బొమ్మలు వేసిన గుడి అది. ఆ గోడ చేజారితే ఊళ్లో తలెత్తుకు తిరగలేదు.

అక్కడి చిత్రకారులు ఇరుగుపొరుగు మొహాలనే రాక్షసులకు తగిలిస్తారు. ఎవరితో గొడవైతే వాళ్లకు కోరలు ఖాయం. అందుకే లమ్యాయ్ తాటిబెల్లం అమ్మే తన స్నేహితురాలు సంలీని పరంజా ఎక్కించింది.

"ఒక్కసారి దేవతగా వెయ్యవే తల్లీ అంటే, ఎప్పుడూ రాక్షసినే చేస్తావు!"

"నీ నోటికి దేవత వేషమొకటా? కిక్కురుమనకుండా భయపడు."

సంలీ గుడ్లు తేలేసింది, నోరు తెరిచింది, కిసుక్కుమంది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కింద ఊడ్చే ముసలాయన "ఇది గుడా, సంతా?" అని కసిరేసరికి నవ్వు రెట్టింపైంది.

"నిజంగా దేనికైనా భయపడి చావవే!"

"రేపు ఆస్పత్రిలో నా రొమ్ములో గడ్డేంటో చెప్తారు. చాలా?" అని సంలీ మళ్లీ పకపకా నవ్వింది.

సంలీ మొహం నవ్వుతూనే ఉంది. చెయ్యి మాత్రం లమ్యాయ్ చొక్కా అంచును గుప్పిట్లో నలిపేస్తోంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

మర్నాడు సంలీ బస్సెక్కాక లమ్యాయ్ గోడ పని మీద పడింది. ఒక్కటి తప్ప మొహాలు ముట్టుకోలేదు, చేతులు మార్చింది. ఒకడు ఏనుగు తోకను పట్టుకున్నాడు, ఒకడు తనను ముంచే భూదేవి జుట్టునే పట్టుకున్నాడు. సంలీ మొహంతో ఇకిలించే రాక్షసి పక్కదాని చొక్కా పట్టుకుంది. పెద్ద భిక్షువు చూసి ఫక్కున నవ్వారు. తర్వాత దగ్గరికెళ్లి ఒక్కో చేతినీ చూశారు.

"ఇలాగే ఉంచు," అన్నారు చివరికి.

సాయంత్రం గుడి మెట్ల దగ్గర్నుంచే కేకలు.

"ఒసేయ్, ఉత్త కొవ్వు గడ్డేనటే! ఇంక నన్ను దేవతను చెయ్యి!"

గోడ ముందుకొచ్చి సంలీ తన కోరలు చూసుకుంది, తిట్టబోయింది. అంతలో చెయ్యి కనబడింది.

"ఎవరిదే ఆ చొక్కా?"

లమ్యాయ్ పక్క రాక్షసిని చూపించింది. దానికి కోరలు పెట్టినా, ఆ చప్పిడి ముక్కు లమ్యాయ్‌దే.

గడ్డ తగిలిన రోజు నుంచీ చుక్క కన్నీరు కార్చని సంలీ, లమ్యాయ్ మెడ మీద పడి బావురుమంది.

"గోడకి తగలకే, రంగింకా ఆరలేదు," అంది లమ్యాయ్, ముక్కు చీదుకుంటూ.