బాప్తిస్మపు తొట్టిలో బియ్యం

ఒక్కొక్క గింజలో ఒక పొలాన్నే దాచిపెట్టిన దేవునికి స్తోత్రం. మనం మూత బిగించి దాచుకున్నదాన్ని బయటికి తీయించి, మనం అడిగి అడిగి అలసిపోయినదాన్ని ఆ చోటే పెట్టే తండ్రికి స్తోత్రం. తన బిడ్డలు చేసే తిక్కపనులు చూసి ఆయన కోప్పడే ముందు ఒకసారి నవ్వుకుంటాడని నా నమ్మకం. లేకపోతే మా అత్తమ్మ గతి ఏమయ్యేదో!

నేను నెల్లూరు నుంచి కాటన్‌పేటకు కోడలిగా వచ్చాను. అత్తమ్మ మా మందిరంలో స్త్రీల సమాజానికి పెద్ద. మామయ్య బట్టల మండీలో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. ఆమె పెళ్లయ్యాక ప్రభువును నమ్ముకుంది. ఆయన ప్రతి ఆదివారం ఆమె వెంట వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, పాటలకు చప్పట్లు కొట్టి, ప్రేమవిందులో రెండోసారి సాంబారు అడిగి పోసుకునేవారు. బాప్తిస్మం మాటెత్తితే మాత్రం ఏదో ఒక సాకు. చలికాలంలో చలి, ఎండాకాలంలో జలుబు. "మా ఇంటాయన నీళ్లలో దిగాల" అని అత్తమ్మ ప్రతి కూడికలోనూ ప్రార్థన మనవి చెప్పేది. సంఘమంతా ఆమెన్ అనేది. మామయ్య కూడా అలవాటుకొద్దీ ఆమెన్ అనేవారు.

బాప్తిస్మమిచ్చే తొట్టి మా మందిరంలో ప్రసంగవేదిక కిందే ఉండేది. సిమెంటుది, నలుగురు దిగి నిలబడేంత. బాప్తిస్మాలు లేని రోజుల్లో దానిమీద చెక్క పలకలు పరిచి, ఆ పైన ప్రసంగపీఠం పెట్టేవాళ్లు.

రెండువేల సంవత్సరం ఇంకో రెండు మూడు నెలల్లో వస్తుందనగా, వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే మా ఆయన అన్నం తింటూ నోరు జారాడు. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడి ఆగిపోతాయేమోనని ఆఫీసులో అందరూ భయపడుతున్నారట.

అత్తమ్మ చేతిలో గరిటె అక్కడే ఆగింది. "బియ్యం లారీలు వస్తాయా?"

"లారీల్లో కంప్యూటర్ ఉండదమ్మా."

"డ్రైవర్‌కు జీతమిచ్చే ఆఫీసులో ఉండాదా, లేదా?"

మా ఆయన కంచంలో మజ్జిగ పోసుకుని తల వంచుకున్నాడు.

ఆ వారమే స్త్రీల కూడికలో యోసేపు చరిత్ర ఎత్తుకుంది అత్తమ్మ. "ఫరో రాజు కలలో బక్క ఆవులు వచ్చినాయి, కరువు వస్తాదని. యోసేపు సుమ్నే చేతులు ముడుచుకోని కూర్చున్నాడా? లేదే! ధాన్యం కూడబెట్టినాడు." ఇంటింటికీ బియ్యం, రాగులు, కందిపప్పు, ఎండుమిరపకాయలు తెమ్మంది. తెచ్చారు. పెట్టడం ఎక్కడ? మా పేటలో ఎలుకలు పిల్లుల్ని తరిమేవి. అత్తమ్మ కళ్లు మెల్లగా వేదిక వైపు తిరిగాయి.

"అమ్మా, అది బాప్తిస్మానికి కదా..." అన్నారు పాస్టరయ్యగారు.

"ఇప్పుడు ఎవరు తీసుకుంటాండారు అయ్యగారూ?"

ఎవరూ లేరు. తొట్టి నిండింది. మూటలు మోసి, మండీ పద్ధతిలో ఒక్క వేలు దూరనంత పొందికగా పేర్చింది మామయ్యే. ఆ తర్వాత ఆదివారాల్లో అయ్యగారు అంత బియ్యం మీద నిలబడి ఉపవాసం గురించి ప్రసంగించారు. పలకల సందుల్లోంచి మిరపకాయల ఘాటు వచ్చి, "ప్రియులారా" అన్నప్పుడల్లా తుమ్మేవారు. కష్టకాలం వచ్చేదాకా ఆ మూటలు ముట్టకూడదని అత్తమ్మ ఆజ్ఞ.

ఒక గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. అత్తమ్మ యథాప్రకారం మనవి చెప్పింది. మామయ్య గొంతు సవరించుకున్నారు.

"ఈ ఆదివారం తొట్టి నిండా నీళ్లుంటే దిగుతానప్పా. లేకుంటే ఇంక జన్మలో నన్ను అడగొద్దు. ఇది నా మాట."

బజారులో మామయ్య మాటంటే మాటే. ఇచ్చాక తప్పిన మనిషి కాదు.

"అయ్యో, లోపల బియ్యం ఉండాది కదా!" అని మళ్లీ ఆయనే ఎంతో విచారంగా అన్నారు. మీసాల కింద నవ్వు దాగలేదు.

అందరూ వెళ్లాక అత్తమ్మ వంటింట్లో పీట మీద కూలబడింది. ఇన్నేళ్ల ప్రార్థనకు జవాబొచ్చింది. దానిమీద తనే మూటలు పేర్పించి పెట్టింది.

"మనింట్లో పెట్టుకుందామా అత్తమ్మా?"

"పెట్టి మనం తొట్టిలో పడుకుందామా?"

శుక్రవారం పొద్దున్నే సంఘంలో ఇంటింటికీ తిరిగాము, ఎవరి మూటలు వాళ్లు తీసుకుంటారేమోనని. బియ్యం డబ్బా ఉండిన చోట ఒకరు కుట్టు మిషను పెట్టుకున్నారు, ఇంకొకరింట్లో ఆ మూల బాలింత మంచం వేశారు. "ఇచ్చేసినాము కదక్కా, నీ ఇష్టం" అన్నారందరూ. తిరిగొస్తూ మందిరం వెనక సందులో నడిచాము. అక్కడ మండీల్లో మూటలు మోసేవాళ్ల ఇళ్లు. ఆ నెల సరుకు దిగక పనుల్లేవు. మగవాళ్లంతా పట్టపగలు గడపల్లో కూర్చుని ఉన్నారు. ఏ ఇంట్లోంచీ తాలింపు వాసన లేదు.

అత్తమ్మ నిలబడిపోయింది. "చూడవే. కష్టకాలం జనవరిలో వస్తాదని మనం కాచుకోనుండాము. వీళ్లింటికి ముందే వచ్చేసిండాది."

మధ్యాహ్నానికి పలకలు లేచాయి. అత్తమ్మ చేటతో బియ్యం పోస్తుంటే సందులోవాళ్లు అనుమానంగా చూశారు.

"ఏ పార్టీ అమ్మా?"

"పార్టీ లేదు, గీర్టీ లేదు. తొట్టి ఖాళీ కావాల. పట్టు!"

"పురుగు పట్టిందా?"

"నీకు పట్టింది పురుగు! తీసుకోవే తల్లీ, మా ఆయన మునగాల."

దీనికి అర్థమేమిటో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తీసుకున్నారు.

మామయ్య గేటు దగ్గర నిలబడి మూటలు వెళ్లిపోవడం చూస్తున్నారు. ముఖంలో రంగు తగ్గుతూ వచ్చింది. చివరి మూట దాటాక ఉన్నట్టుండి తేరుకున్నారు. "నీళ్లు? కొళాయిలో కావేరి నీళ్లు సోమవారం దాకా రావు కదా!"

ఆ మాట సందులో ఆడవాళ్లు విన్నారు. శనివారం పొద్దునకల్లా సందు చివరి బోరింగు నుంచి వేదిక దాకా బిందెలు వరుస కట్టాయి. మామయ్య ఒక్కొక్కరినీ బతిమాలారు. "చాలమ్మా, నడుము పట్టేస్తాది."

"ఎట్ల చాలుతాయి తాతా? నువ్వు చూస్తే తాటిచెట్టంత ఉండావు. ఇంకా పోయాల!"

ఆదివారం మామయ్య తెల్లపంచె కట్టుకుని వచ్చారు. రెండోసారి కాఫీ కూడా అడగలేదు. తొట్టిలో నిలబడి అయ్యగారు మెల్లగా అన్నారు. "అన్నా, మాటిచ్చినందుకని దిగొద్దు. నమ్మితేనే దిగు."

"నమ్మి చాన్నాళ్లయిందయ్యా." మామయ్య పై మెట్టుమీదే ఆగిపోయారు. "చిన్నప్పుడు బావిలో పడినా. అప్పటినుంచి నీళ్లంటే భయం. ఇంతమంది ముందర చెప్పుకునేదానికి సిగ్గయింది."

అత్తమ్మ లేచింది. "ఈ మాట నాకన్నా చెప్పకూడదా మనిషీ! చలి అంటివి, జలుబు అంటివి, నేను కషాయాలు కాచి కాచి..." అంటూనే కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టి, పట్టుచీరతోనే మెట్లు దిగింది. "రాండి. నేనుండా."

మామయ్య దిగారు. ఆమె చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, అయ్యగారు ఒకరిని ముంచితే ఇద్దరు మునిగారు. ఆ పెనుగులాటలో అడుగున మిగిలిన బియ్యం పైకి లేచి మామయ్య నెత్తి నిండా అంటుకున్నాయి.

"ఏమే, పెళ్లినాడు తలంబ్రాలు ఇట్లనే పోస్తివి కదా" అన్నారాయన, ముక్కులోంచి నీళ్లు చీదుతూ. సంఘమంతా నవ్వింది. గుమ్మం దగ్గర ఖాళీ బిందెలతో నిలబడిన సందులోవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. అత్తమ్మ మాత్రం నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు. అంతా తడే.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు చక్కగా పనిచేశాయి. అత్తమ్మ కాస్త నిరాశపడింది కూడా.

మా కష్టకాలం కొన్నేళ్ల తర్వాత వచ్చింది. మామయ్య మంచాన పడ్డారు. ఆయన్ని లేపడానికి, దించడానికి ఆ సందులోని మగవాళ్లు పిలవకుండానే వంతులు వేసుకుని వచ్చేవాళ్లు. మూటలు మోసిన చేతులు కదా, ఆయనకు నొప్పి తెలిసేది కాదు. చివరి రోజుల్లో ఒక సాయంత్రం ఆయన అత్తమ్మను అడిగారు.

"అవతలికి పోయేటప్పుడు ఏరు దాటాలని పాటల్లో పాడతారే... లోతెంత ఉంటాది?"

"మోకాళ్ల లోతే" అంది అత్తమ్మ, తనే కొలిచి వచ్చినట్టు. "ఈసారి నేను దిగేదానికి లేదు. ప్రభువు చెయ్యి పట్టుకోండి. నన్ను పట్టుకున్నంత గట్టిగా మాత్రం వద్దు. పాపం, ఆయన కూడా మునుగుతాడు."

మామయ్య చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత నీళ్ల గురించి మళ్లీ అడగలేదు.

చదువుతున్న మీరు కూడా నాతో ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ముందుచూపు మాకివ్వు. డబ్బాలు నింపుకునే బుద్ధితోపాటు పక్క సందులోకి చూసే కళ్లూ ఇవ్వు. మేము తప్పుచోట పేర్చిన మూటల్ని దయచేసి నువ్వే దింపించు. భయాన్ని సాకులతో కప్పుకోకుండా నీకు చెప్పుకునే ధైర్యమివ్వు. మేము ఏరు దాటే రోజున మా చెయ్యి పట్టుకో. మీరూ అనండి, మా మామయ్యలా అలవాటుకొద్దీ అయినా సరే: ఆమెన్.