అమ్మను దాటిపోయే పళ్లెం

మా చర్చిలో నెలకోసారి అందరూ పంచుకునే ప్రభువు బల్లకు కావలసిన ద్రాక్షరసం మా అమ్మ కాచేది, రొట్టె పక్క క్వార్టర్ పెద్దమ్మ చేసేది. డెబ్బైల చివరి రోజులవి. కాజీపేట రైల్వే క్వార్టర్ల మధ్య రేకుల కప్పు వేసిన చిన్న చర్చి మాది. సీసాల్లో అమ్మే రసం సంగతి మాకు తెలియదు. నెలలో మొదటి ఆదివారానికి ముందురోజు అమ్మ నల్ల కిస్మిస్ కడిగి, నానబెట్టి, బొగ్గుల పొయ్యి మీద ఉడికించి, చేత్తో పిసికి, పాత పంచె గుడ్డలో వడగట్టేది. పెద్దమ్మ ఉప్పు వేయకుండా, నూనె తగలనివ్వకుండా గోధుమపిండితో ఒక పెద్ద రొట్టె కాల్చేది. తెల్లారి ఆ రెండూ ఒకే బల్ల మీద, ఒకే తెల్లగుడ్డ కింద పక్కపక్కనే ఉండేవి. వాటిని చేసిన ఇద్దరు ఆడవాళ్లు మాత్రం ఏడాదిగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆ రొట్టె ముక్క వాళ్లిద్దరిలో ఎవరూ తినేవారు కాదు, ఆ రసం తాగేవారు కాదు. రొట్టె ముక్కల పళ్లెం తిప్పే ముందు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక హెచ్చరిక చేసేవారు. ఎవరి మీదైనా మనసులో కోపం ఉంటే ముందు వాళ్లతో సమాధానపడండి, ఆ తర్వాతే చెయ్యి చాపండి అని. చాలా చర్చిల్లో ఈ మాట చెబుతారు, అందరూ విని అందరూ తింటారు. మావాళ్లు అలా కాదు, చెప్పింది చెప్పినట్టు పాటించేవాళ్లు. కోపం ఉన్నవాళ్లు పళ్లెం రాగానే తల వంచుకుని పక్కవాళ్లకు అందించేసేవాళ్లు. కాబట్టి మా కాలనీలో ఎవరికెవరికి పడడం లేదో తెలియాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, మొదటి ఆదివారం కళ్లు సగం తెరుచుకుని కూర్చుంటే చాలు. నేను అలాగే కూర్చునేదాన్ని.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. మా రెండు క్వార్టర్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆమెకు ఆడపిల్లలు లేరు, అందుకని నా జడలు ఆమెవే, నా తలలో పేలు కూడా ఆమెవే. సర్వపిండి చేస్తే గిన్నె అంచున మాడి కరకరలాడే ముక్క నా కోసం విరిచి దాచేది. ఆమె భర్త, నేను పెద్దనాయన అనేదాన్ని, బొగ్గు ఇంజన్ డ్రైవరు. చర్చిలో కంజీర ఆయనే వాయించేవాడు. ఆయన వాయిస్తుంటే సంఘ పెద్దల మోకాళ్లు కూడా వాళ్లకు తెలియకుండానే ఊగేవి.

ఆ పెద్దనాయన తాగుడు మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఎవరికీ చెప్పుకోలేక, ఒక మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడి అమ్మకు చెప్పుకుని ఏడ్చింది. "చెల్లె, నీ కడుపుల పెట్టుకో" అంది. అమ్మ కూడా ఏడ్చింది. ఆ ఏడుపు నిజమే, అందులో నాకు అనుమానం లేదు.

ఆ గురువారం స్త్రీల కూటంలో ప్రార్థన చేయవలసిన సంగతులు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఒకామె కొడుకు పరీక్ష అంది, ఇంకొకామె మోకాళ్ల నొప్పులంది. మా అమ్మ కొంగు సవరించుకుని, గొంతు తగ్గించి, "మా అక్క పెనిమిటి కోసం జర భారంతోని ప్రార్థన చెయ్యాలె. ఆయనకు తాగుడు పట్టుకున్నది" అంది. ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారి పెద్దమ్మ వైపు తిరిగారు. నేను అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను. పెద్దమ్మ ముఖంలో రక్తం లేదు.

తర్వాత గొలుసు ప్రార్థన. అంటే వరుసగా ఒకరి తర్వాత ఒకరు పైకి చేయాలి. పెద్దమ్మ వంతు వచ్చింది. కళ్లు మూసుకునే మొదలుపెట్టింది. "ప్రభువా, నా పక్కకు కూసున్న చెల్లె నోటికి ఒక తాళం పెట్టు తండ్రీ. చెవి నా దిక్కు పెడ్తది, నోరు ఊరి దిక్కు పెడ్తది." అలవాటు కొద్దీ అందరూ "ఆమెన్, స్తోత్రం" అనేశారు. వెంటనే అమ్మ వంతు. "ప్రభువా, మేలు కోరినోళ్లను పగోళ్లలెక్క చూసే గుండెలను నువ్వే మెత్తగ చెయ్యి నాయనా." దానికీ ఆమెన్ పడింది. పెద్దమ్మ తన వంతు కాకపోయినా మళ్లీ "ప్రభువా" అని ఎత్తుకుంది. అయ్యగారి భార్య పరిస్థితి కనిపెట్టి గట్టిగా పాట అందుకుంది గానీ, లేకపోతే సాయంత్రం దాకా సాగేది. ఇద్దరూ ఒకరినొకరు ఒక్క మాట అనలేదు. అన్నదంతా దేవుడితోనే అన్నారు. పాపం ఆయన మధ్యలో ఇరుక్కుపోయాడు.

తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు. వారం తిరక్కుండా మాట పెద్దనాయన పనిచేసే లోకో షెడ్డు దాకా పోయింది. "ఏందన్నా, నీ కోసం ఆడోళ్లంత మోకాళ్ల మీద ఉన్నరట గదా" అని తోటివాళ్లు పెద్దనాయనను ఆట పట్టించారు. ఆయన ఆ ఆదివారం చర్చికి రాలేదు, తర్వాతా రాలేదు. పెద్దమ్మ ఒక్కతే వచ్చి, అమ్మ వెనక వరుసలో జంపఖానా చివర కూర్చునేది. గోడ దగ్గరి మాటలు ఆగిపోయాయి. నా జడలు అమ్మ చేతికి వచ్చాయి, నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి.

"నేను ప్రార్థన చెయ్యమన్న గని, ఏమన్న తిట్టిన్నా?" అని అమ్మ వాదించేది. నాన్న ఒక్కసారే నోరు తెరిచాడు. "దేవునికి చెప్పేది దేవునికి చెప్పాలె. నడుమ ఇరవై మందిని ఎందుకు కూసోబెట్టినవు?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో పప్పుచారుకు పోపు పడలేదు. నాన్న మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

అయినా బల్ల ముందటి శనివారం వచ్చిందంటే ఇద్దరికీ పని తప్పేది కాదు. అమ్మ గోడకు నాలుగడుగుల దూరంలో నిలబడి నాతో అనేది. "ఆమెకు చెప్పు, రేపు డోర్నకల్ నుంచి చుట్టాలొస్తాండ్రట, రొట్టె జర పెద్దగ చెయ్యమని." గోడకు అవతల గిన్నెలు తోముతున్న పెద్దమ్మ తలెత్తకుండానే నాతో అనేది. "విన్న అని చెప్పు." నేను అమ్మ వైపు తిరిగి "విన్నదట" అని చెప్పేదాన్ని. ఇంత కష్టపడి వండి, మర్నాడు ఇద్దరూ పళ్లెం దాటేసేవాళ్లు.

ఆ ఏడాది నాకు బాప్తిస్మం ఇస్తామన్నారు. అది అయితేనే బల్లలో చెయ్యి చాపనిస్తారు. నాకు పద్నాలుగేళ్లు. సంఘ పెద్దలు వరుసగా కూర్చుని ఎందుకు తీసుకుంటున్నావని అడిగారు. దేవుడంటే నాకు ఇష్టం అన్నాను. అది నిజం. తెల్ల చీర కట్టుకోవచ్చని కూడా ఉండేది, అది చెప్పలేదు. ఆరేళ్లప్పటి నుంచి ద్రాక్షరసం గిన్నె అడుగు నాకుతున్నానని, ఇకనైనా దర్జాగా అందరి ముందు తాగవచ్చని కూడా ఉండేది. అదీ చెప్పలేదు. వీటన్నింటికంటే ఎక్కువగా నాకు ఒకటి కావాలి. నా మొదటి బల్ల రోజున అమ్మ నా పక్కన కూర్చుని, నాతో పాటు ఆ రొట్టె తినాలి. ముందురోజు రసం వడగడుతుంటే అడిగాను.

"నువ్వు తినవే. నా సంగతి నాకూ దేవునికీ తెలుసు" అంది.

"మరి పెద్దమ్మ సంగతి?" అన్నాను.

అమ్మ గిన్నె మీద మూత టంగుమనేలా పెట్టింది. నాకు జవాబు దొరికింది.

బాప్తిస్మం చర్చి వెనక సిమెంటు తొట్టిలో. జనవరి నెల, నీళ్లు మంచులా ఉన్నాయి. అయ్యగారు ముంచే ముందు ముక్కు పట్టుకోమన్నారు, భక్తిలో పడి మర్చిపోయాను. దగ్గుకుంటూ, వణుకుతూ బయటికి వస్తే ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టారు. దుప్పటి ఒక కొస అమ్మ చేతిలో ఉంది. లోపలికి తువ్వాలు పట్టుకుని వచ్చింది పెద్దమ్మ. ఏడాది తర్వాత ఆమె చేతులు నా తల మీద పడ్డాయి. కుదుళ్ల దాకా తుడిచి, చీర కుచ్చిళ్లు పోసి, పిన్నీసు పెట్టి, దుప్పటి పక్కకు ఎత్తి బయటికి వెళ్లిపోయింది. అమ్మ అటే చూస్తూ నిలబడింది, పిలవలేదు.

అరగంటకు బల్ల ఆరాధన. నేను అమ్మ పక్కన ముందు వరుసలో కూర్చున్నాను. అయ్యగారు రొట్టె విరిచారు, ఎప్పటి హెచ్చరికే చేశారు. ఎవరి మీదైనా కోపం ఉంటే అన్నారు. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఎన్నడూ అది నా గురించి అనుకోలేదు. నా తల ఇంకా తడిగా ఉంది. తుడిచిన మనిషి నా వెనకాల కూర్చుని ఉంది, ఆమె ఇప్పుడు తినదు. ఆమె భర్త ఇంట్లో ఉన్నాడు. ఇదంతా చేసిన మా అమ్మ కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని, ఎంతో భక్తిగా కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. అందుకుని, తల వంచి, అమ్మకు అందించాను.

అమ్మ కళ్లు తెరిచి "ఏందే? తీసుకో" అంది గుసగుసగా.

"నాకు కోపమున్నది."

"ఎవరి మీదనే?"

"నీ మీదనే" అన్నాను. గుసగుసగానే అనాలనుకున్నాను, కానీ మగవాళ్ల వైపు కూడా వినబడింది.

అమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. పళ్లెం ఒక చేత్తో పట్టుకుని లేచింది, వెనక్కి తిరిగి పెద్దమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే గూడ్సు బండి వచ్చింది. చర్చి వెనకనే పట్టాలు. బండి పోతున్నంతసేపు రేకులు దడదడలాడతాయి, ప్రసంగమైనా ఆపవలసిందే. అమ్మ పెదవులు కదులుతున్నాయి, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, పెద్దమ్మకు తప్ప ఎవరికీ ఏమీ వినబడలేదు.

బండి పోయింది. "సరేలే, కూసో పో" అంది పెద్దమ్మ నేల చూస్తూ.

"లేదక్కా" అంది అమ్మ. "అప్పుడు అందరు విన్నరు. ఇప్పుడు కూడ అందరు వినాలె." ముక్కు తుడుచుకుని, గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. "అక్క నన్ను నమ్మి చెప్పుకున్న మాటను నేను పదిమందిల పెట్టిన. ప్రార్థన అని పేరు పెట్టిన గని, ఆ పొద్దు నాకు చెప్పబుద్ధయింది, చెప్పిన. గంతే. నా మూలంగ ఆ అన్న గుడికి రాకుంటయిండు. తప్పు నాదే."

ఇక్కడ నిజం చెప్పాలి, పెద్దనాయన ఆ మాటతో పరుగెత్తుకుని రాలేదు. ఆయన తిరిగి రావడానికి ఇంకో ఏడాది పట్టింది, తాగుడు పూర్తిగా మానాడని కూడా చెప్పలేను. ఆ రోజు పెద్దమ్మ కూడా వెంటనే కరగలేదు.

"ఏడాది పట్టిందా నీకు?" అంది. "నెల నెలా నీ ముక్క కూడ లెక్కేసుకునే పిండి తడిపిన. నెల నెలా అది మిగిలొచ్చేది. పారెయ్య మనసొప్పక, తిన గొంతు దిగక, దాన్ని పట్టుకోని ఏడ్సుకుంట కూసునేదాన్ని."

అని అమ్మ చేతిలోని పళ్లెంలోంచి ఒక ముక్క తీసి, ఆ ముక్కను రెండు చేసి, సగం అమ్మ అరచేతిలో పెట్టింది. అలా పెట్టవలసింది అయ్యగారు. ఒక సంఘ పెద్ద ఏదో అనబోయాడు, అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. అమ్మా పెద్దమ్మా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే నమిలారు.

అప్పుడు అయ్యగారు ఆ పళ్లెం తీసుకుని నా దగ్గరికి వచ్చారు. అరవై దాటిన మనిషి, మోకాలు పట్టుకుని మెల్లగా నా ముందు వంగారు. చర్చి అంతా నన్నే చూస్తోంది.

"బిడ్డా, ఇంకా కోపమున్నదా?" అన్నారు.

అప్పుడే తొట్టిలోంచి లేచి వచ్చినదాన్ని, అబద్ధం ఆడలేకపోయాను. "కొంచెం ఉన్నదయ్యగారూ" అన్నాను.

నెల నెలా ఆ హెచ్చరిక చేసిన మనిషే ఒక ముక్క తీసి నా వైపు చాపారు.

"కొంచెముంటె ఉండనియ్యి. అది తింటెనే పోతది. చెయ్యి పట్టు."

నేను రెండు చేతులూ పట్టాను.