దోఫార్ కొండ మీద ఎనిమిది పాదాలు

ఒమాన్‌లోని సలాలాలో వానాకాలం వచ్చిందంటే అప్పడాలతో బతకడం కష్టం. వేయించి పళ్ళెంలో పెట్టి, అన్నం కలుపుకునేలోగా మెత్తబడిపోతాయి. ఎడారి దేశమని నమ్మి వచ్చినవాడికి ఇది చిన్న మోసం కాదు. మస్కట్ జనం మాత్రం ఈ తుంపరలో తడవడానికే రోజంతా కారు నడుపుకుంటూ వస్తారు. వాళ్ళు అప్పడాలు తెచ్చుకోరు.

సలాలాలోనే ఒక భవన నిర్మాణ కంపెనీలో నేను స్టోర్ చూస్తాను. ఎం.ఏ. చదివాను కాబట్టి బోల్టులను అక్షరక్రమంలో పెడతాను. పోయిన వానాకాలం మా సైట్‌కు వెల్డింగ్ తనిఖీ చేసే ఇంజినీరు ఒకామె వచ్చింది. వియత్నాం మనిషి. టీ వేళ తన దేశపు పాత కవిత్వం గురించి చెప్పేది. బడిలో కంఠతా పట్టించారట. ఎనిమిది పాదాలు. కొలువు మీద దూరం పోతున్నవాడెవడో పొద్దుగూకే వేళ కనుమ దగ్గర ఆగుతాడు. చెట్లు, మంచు, ఒక పిట్ట. నడిమి పాదాలు జంటలుగా నడవాలి: కొండ అంటే ఎదురుగా నీళ్ళు, పైన అంటే కింద. ఇల్లు గుర్తొస్తోందని మాత్రం అతను అనడు. చివర్లో, తనొక్కడే నిలబడి ఉన్నాడని మనకే తెలుస్తుంది. ఏడిస్తే పద్యం చెడిపోతుందని ఆమె అభిప్రాయం. ఏడవకుండా పద్యం ఎలా రాస్తారో నాకు మొదట అర్థం కాలేదు.

ఈ విద్యతో అవసరం మా మేస్త్రీకి పడింది. జగిత్యాల వైపు మనిషి. అతని సెలవును కంపెనీ వాయిదా వేసింది. ఆ కబురు ఇంట్లో చెప్పకముందే, సలాలా తోటల్లో కొబ్బరిచెట్ల కింద ఫొటో దిగి భార్యకు పంపాడు. వెనక అరటిగెలలు, పక్కన బొండాల దుకాణం. ఒమాన్ అంటే ఇసుకేనని ఇన్నేళ్ళుగా ఆమెకు చెబుతూ వచ్చింది ఇతనే. ఆమె ఫొటో చూసి, మొగుడు సెలవు మీద దిగి ఇంటికి రాకుండా కోనసీమలో తిరుగుతున్నాడని తేల్చుకుంది. ఫోన్ ఎత్తడం మానేసింది. "యాదికొస్తున్నవ్" అంటూ అతను పంపిన వాయిస్ మెసేజీలు, గులాబీల బొమ్మలు ఆ అనుమానాన్ని మరింత బలపరిచాయి.

"ఎట్ల నమ్మియ్యాలె సారూ?" అన్నాడు.

నేను వియత్నాం వైద్యం చెప్పాను. యాదికొస్తున్నవని అనొద్దు, ఎదురుగా ఉన్నది చెప్పు, జంటలుగా చెప్పు.

శుక్రవారం పికప్‌లో ఊరి వెనకున్న దోఫార్ కొండెక్కాం. ఇంజినీరు కూడా వచ్చింది. కొండంతా పచ్చగా ఉంది, మంచులో ఒంటెలు మేస్తున్నాయి. తెర కాస్త విచ్చినప్పుడు కింద సముద్రం కనిపించింది. మేస్త్రీ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, భార్యకు వాయిస్ మెసేజీ పెడుతూ, ముందు పొద్దు సంగతి, తుంపర సంగతి చెప్పాడు. తర్వాత ఇటుక మీద ఇటుక సరిచూసుకున్నట్టు మెల్లగా అన్నాడు:

"కొండ మీద మబ్బు కూసున్నది, లేస్తలేదు. కొండ కింద సముద్రం నిలవడ్డది, కూసుంటలేదు. ఒంటె గడ్డి మేస్తున్నది, మెడల గంట లేదు. పిట్ట ఒర్రుతున్నది, పక్కన జోడు లేదు."

ఒంటెను నేనే అడిగి పెట్టించాను. అందం కోసం కాదు, సాక్ష్యం కోసం. కోనసీమలో ఒంటెలు మేయవు. చివరి రెండు పాదాలు మాత్రం పూర్తిగా అతనివే: "గొడుగు మీద తుంపర వడుతున్నది. గొడుగు కింద సగం జాగ ఖాళీ ఉన్నది."

నేను ఇంగ్లీషులో చెప్పబోతే ఇంజినీరు చేయెత్తి ఆపింది. ముందు అతని గొంతులోనే ఇంకోసారి వినాలంది. విన్నాక, అర్థం తెలుసుకున్నాక, ఇది తమ బడిలో నేర్పించదగిన పద్యమేనంది. నాకు కొంచెం బాగానే అనిపించింది. అంటే, కొండ దిగేలోగా ఆ మాటను డ్రైవర్‌కు రెండుసార్లు చెప్పాను. ఎక్కడి వియత్నాం, ఎక్కడి జగిత్యాల! వాళ్ళ పాత కొలతలో మా మేస్త్రీ మాట ఎక్కడా ఇరుకు పడకుండా సర్దుకుంది. నేర్పింది నేనేనని ఎవరైనా అంటే కాదనే ఉద్దేశం నాకు లేదు.

ఊళ్ళోకి దిగి చాయ్ తాగుతుండగా మేస్త్రీ భార్య జవాబు వచ్చింది. పొగడ్తే అయి ఉంటుందని మేస్త్రీ అందరికీ వినబడేలా పెట్టాడు.

"ఒంటె ముచ్చట విని నమ్మిన, నువ్వు ఆడనే ఉన్నవని. అన్నీ జెప్పినవ్, వచ్చే తారీఖొక్కటి జెప్పలే."