తోమకూడని వరహా

హైమవతి చాలా నెమ్మదస్తురాలని మా క్వార్టర్సులో అందరూ అనేవారు. నెమ్మదేమిటి, నా మొహం! పగంటూ పట్టిందంటే పాలు తోడుపెట్టినట్టు మూతవేసి, కదపకుండా, వేళయ్యేదాకా కూర్చునే మనిషి. ఢిల్లీ సరోజినీ నగర్‌లో మా గోడకి అవతలి ఇల్లే వాళ్ళది. ఆమె గురించి రాయమంటే నేను ఆ పగ గురించే రాస్తాను. మిగతా సుగుణాలు వాళ్ళూ వీళ్ళూ రాసుకోవచ్చు.

హైమవతి బందరు పిల్ల. మొగుడు లక్ష్మీపతి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అసిస్టెంటు. ఇంట్లో అత్తగారు నాగేంద్రమ్మ. పెళ్ళిలో హైమవతికి ఆమె తల్లి కాంతమ్మ పట్టుగుడ్డలో చుట్టి ఒక బంగారు వరహా ఇచ్చింది. బొటనవేలి గోరంత ఉంటుంది. ఒకవైపు పక్కపక్కన కూర్చున్న దేవుడూ దేవేరీ, రెండోవైపు నాగరి అక్షరాలు. దేవేరి మోచేతి పక్కన అంచు కాస్త నొక్కుకుపోయి ఉండేది. విజయనగర రాజుల నాటిదని, వాళ్ళింట్లో తల్లి నుంచి కూతురికి వస్తోందని కాంతమ్మ చెప్పింది. ఏటా వరలక్ష్మీవ్రతం నాడు తమలపాకులో పెట్టి కలశం ముందు ఉంచాలి. దానికి ఒకటే కట్టడి. వ్రతానికి ముందు ఇంట్లో ఇత్తడీ వెండీ అంతా చింతపండు పెట్టి తళతళా తోముకున్నా, ఆ వరహాని మాత్రం తోమకూడదు. నీళ్ళలో ముంచి గుడ్డతో అద్ది పెట్టెయ్యాలి. ఎందుకని అడిగితే, అమ్మవారి ఒంటిని కొబ్బరిపీచుతో రుద్దుతామా అనేదట కాంతమ్మ.

డెబ్భై మూడులో అనుకుంటాను, ఆ వ్రతం పేరంటానికి నేనూ వెళ్ళాను. లక్ష్మీపతి పై అధికారి భీమేశ్వరరావుగారి భార్య జానకీదేవి కూడా వచ్చింది. ఆమెని తీసుకెళ్ళడానికి కారులో వచ్చిన ఆయన లోపలికి వచ్చి, నమస్కారం పెట్టడానికి వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పాతనాణేల విషయంలో ఢిల్లీ తెలుగువాళ్ళలో ఆయన మాటకి తిరుగులేదు. చొక్కా జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది. దాన్ని తీసి, వరహాని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బంగారమే అమ్మాయ్, కాదనను. కానీ పాతది కాదు. నాలుగు వందల ఏళ్ళు చేతులు మారిన నాణెమైతే దేవుడి ముక్కూ మోకాళ్ళూ అరిగిపోవాలి. ఎత్తుగా ఉన్నవే ముందు అరుగుతాయి. ఇదేమో నిన్న తీసినట్టుంది. అసలువి ఇంత మెరవవమ్మా. ఎవరో కంసాలి అచ్చు తీసి మీవాళ్ళకి అంటగట్టాడు" అన్నాడు.

పైగా జాలి చూపించాడు. నలుగురికీ తేడా చెప్పడానికి తను నకిలీలు కూడా పోగుచేస్తానని, ఇది ఇచ్చేస్తే అంతే తూకానికి కరోల్‌బాగ్ నుంచి కొత్త లక్ష్మీకాసు తెప్పించి ఇస్తానని అన్నాడు. ఆఫీసరు అడిగాక అసిస్టెంటు ఏమంటాడు? లక్ష్మీపతి రెండు చేతులతో అందించాడు. కాసు వారం తిరక్కుండా వచ్చింది.

అక్కడితో ఆగలేదు. నాగేంద్రమ్మకి నోటికి పని దొరికింది. "మీ పుట్టింటోళ్ళ సంగతి ఇప్పుడు తెలిసింది. చెప్పడానికి రాయలవారు, చూడబోతే కంసాలి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ అనేది. కూర అడుగంటినా అదే మాట, పాలు విరిగినా అదే మాట. హైమవతి ఆ ఉక్రోషమంతా పోగుచేసుకుని ఎండాకాలం సెలవులకి బందరు వెళ్ళి తల్లి మీద గుమ్మరించింది. నకిలీది అంటగట్టి నన్ను అత్తవారింట్లో పలచన చేశావంది. కాంతమ్మ "మా అమ్మ నాకిచ్చిందే నీకిచ్చానే" అని ఒక్క మాట అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చలికాలంలోనే చనిపోయింది. ఆవిడకి గుండెజబ్బు ఉన్నమాట నిజమే. అయినా హైమవతికి తల్లిని తలుచుకుంటే వంటింట్లోకి వెళ్ళిపోతున్న ఆ వీపే కనిపించేదట.

నాలుగేళ్ళు గడిచాక ఉగాదికి తెలుగు సంఘంవాళ్ళు భీమేశ్వరరావుగారి నాణేలు ప్రదర్శనకి పెట్టారు. ఇద్దరం కలిసి వెళ్ళాం. మధ్యలో ఎర్ర మఖమలు గుడ్డ మీద, అద్దం కింద, ఒక్కటే ఒంటరిగా ఉంది. పక్కన కార్డు మీద "విజయనగర వరహా. ముద్ర వేసిన నాటి రూపులోనే ఉంది. ఇంత చెక్కుచెదరనిది అత్యంత అరుదు" అని రాసి ఉంది. దేవేరి మోచేతి పక్కన అంచుకి అదే నొక్కు. బొమ్మల సందుల్లో వ్రతాలనాటి పసుపు ఇంకా పోలేదు. హైమవతి నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గాజు పగిలింది.

ఆ దుర్మార్గుడు ఏ గుణాన్ని చూసి ఆశపడ్డాడో, దాన్నే తప్పుగా చూపించి లాక్కున్నాడు. అరగలేదు కాబట్టి నకిలీ అన్నాడు. అరగలేదు కాబట్టే దానికి అంత విలువ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పద, ఇక్కడే నిలదీద్దాం" అన్నాను.

"వద్దొదినా. మా ఆయన ఆయన కిందే పనిచేస్తున్నారు. ఒక్క రాత రాస్తే మమ్మల్ని ఏ మారుమూలకో తోసేస్తాడు. రిటైరవనీ" అంది. గొంతు కూడా పెంచలేదు.

అప్పటినుంచి కూరలకి వెళ్ళినట్టే వెళ్ళి, బస్సెక్కి చాందినీ చౌక్ దిగేది. అక్కడి దరీబా వీధిలో వెండి కొట్ల మధ్య పాతనాణేలు అమ్మే ముసలి లాలా ఒకడుండేవాడు. మొదట కసిరాడట. తర్వాత "ఆయియే దీదీ" అని స్టూలు వేసేవాడట. నాణెం అంచు పట్టుకుని చూడాలిగాని ముఖం మీద వేలు వేయకూడదని, వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పితే అరుగుదల తెలుస్తుందని, అచ్చులో పోసినదానికి అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయని నేర్పాడు. ఒకరోజు ఎవరో రాగి నాణేలు తళతళా తోముకుని అమ్మడానికి తెచ్చారట. లాలా తల బాదుకుని, "యే మైల్ నహీఁ థా భాయ్, ఉమర్ థీ" అన్నాడట. మురికి కాదు, దాని వయసు అని. తోమినదానికి ఇక లోహం ధరేగాని నాణెం ధర రాదన్నాడట. హైమవతి ఇంటికొచ్చి నాకు మిగతావన్నీ చెప్పింది. ఈ ఒక్కటి మాత్రం ఆ రోజు చెప్పలేదు.

భీమేశ్వరరావు ఎనభై మూడులో రిటైరయ్యాడు. హైదరాబాదులో ఇల్లు కట్టుకోవాలని మొత్తం నాణేలు అమ్మకానికి పెట్టాడు. బొంబాయి వ్యాపారి సరిగ్గా రిటైర్మెంటు రోజు సాయంత్రమే వస్తున్నాడు. ఆఫీసులో వీడ్కోలు సభ అయ్యాక ఆయన్ని వెంటబెట్టుకు వస్తానని, ఈలోగా నాణేలు బల్ల మీద పొందిగ్గా సర్ది ఉంచమని, ఎన్నడూ లేనిది బీరువా తాళం భార్య చేతికిచ్చాడు. ఇరవై ఏళ్ళు ఆమెని ఆ బీరువా దగ్గరికి రానిచ్చినవాడు కాడు. అందుకే వాటి గురించి ఒక్క ముక్కా చెప్పినవాడూ కాడు. తనకి తెలిసింది ఇంట్లోవాళ్ళకి చెబితే ఆయన గొప్ప ఎక్కడ తరిగిపోతుందో!

సాయంత్రం విందుకి సాయం చేయడానికి పండారా రోడ్డులోని వాళ్ళింటికి మేమిద్దరం వెళ్ళాం. పులిహోరకి చింతపండు బోలెడంత నానబోసి ఉంది. జానకీదేవి అట్టపెట్టెలు తెరిచి మొహం చిట్లించింది.

"ఇదేమిటి హైమా, అన్నీ నల్లగా బొగ్గుల్లా ఉన్నాయి! వీటికా ఈయన ఇంత చేస్తారు?"

హైమవతి పెట్టెల్లోకి తొంగి చూసింది. తన వరహా కనబడగానే కొంగుముడి విప్పి లక్ష్మీకాసు తీసింది. అన్నేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా కలశం ముందు పెట్టలేదు.

"అక్కయ్యగారూ, ఇది మా పుట్టింటిది. నకిలీదని అన్నయ్యగారే చెప్పి తీసుకున్నారు, బదులుగా ఈ కాసిచ్చారు. బొంబాయి ఆయన ముందు నకిలీ ఎందుకు పెట్టడం? మీది మీరు తీసుకుని, మాది మాకిచ్చెయ్యండి. తూకం ఒకటే" అంది.

"అయ్యో, తీసుకోమ్మా, దానికేం" అంది జానకీదేవి. కాసుని మఖమలు గుడ్డ మీద తనే పెట్టింది. తర్వాత నల్లటి నాణేల కేసి చూసి, "వీటిని కాస్త తోమితే ఏమన్నా అంటారంటావా?" అని అడిగింది.

"పెళ్ళిచూపులకి పిల్లని మసిమొహంతో కూచోబెడతామా అక్కయ్యగారూ?" అంది హైమవతి.

ఇక చూడండి మా సంబరం. రాగివి చింతపండుతో, వెండివి విబూదితో, కొబ్బరిపీచు పెట్టి జానకీదేవీ నేనూ చేతులు నొప్పెట్టేలా తోమాం. రాజుల మొహాలూ ఏనుగులూ గుర్రాలూ అన్నీ కొత్త గిన్నెల్లా మెరిశాయి. హైమవతి పొయ్యి దగ్గరే ఉండి పులిహోర కలిపింది. ఒక్క నాణెమూ ముట్టలేదు.

సాయంత్రం భీమేశ్వరరావు మెడలో దండతో వచ్చాడు. బల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బొంబాయి ఆయన ఒక నాణెం తీశాడు, అద్దం పెట్టి చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు, పెట్టేశాడు. "సాబ్, యే తో సబ్ ధో డాలా, అన్నీ తోమేశారే. కిలోల లెక్కన కావాలంటే తీసుకుంటాను" అన్నాడు. చివరికి ఎర్ర మఖమలు మీద ఉన్నది తీసి తిప్పి చూసి, "ఇది ఒక్కటే తోమలేదు. కరోల్‌బాగ్ సరుకా?" అని అడిగాడు.

భీమేశ్వరరావు అందరి ముందూ భార్య మీద విరుచుకుపడ్డాడు. ఆమె చింతపండు వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. నాకు చాలా జాలేసింది. హైమవతికి వేసిందో లేదో, నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన హైమవతి ఇంటి మీదకి వచ్చాడు. అరుపులకి నేనూ వెళ్ళాను. లక్ష్మీపతి ఆఫీసుకి బయల్దేరబోతున్నాడు. నాగేంద్రమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"నా వరహా ఇచ్చెయ్యి."

"ఏ వరహా అండీ? మీ కాసు మీకిచ్చేశాను. మా కంసాలి అచ్చు మేం తెచ్చుకున్నాం."

"అది కంసాలి అచ్చు కాదు!"

"అసలువి ఇంత మెరవవని మీరే అన్నారుగా?"

"అసలుదే! చెప్తున్నానుగా!"

"మా అత్తగారికి కాస్త చెవుడండీ. అటు తిరిగి గట్టిగా చెప్పండి."

మనిషి అప్పటికే ఒళ్ళు మరిచిపోయాడు. నాగేంద్రమ్మ వైపు తిరిగి, "అసలుదే! విజయనగరం వరహా! చూసిన క్షణంలోనే నాకు తెలుసు!" అని వీధంతా వినబడేలా అరిచాడు. అరిచాక గాని తనేమన్నాడో ఆయనకే తెలియలేదు. పక్కవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. లక్ష్మీపతి, జీవితంలో ఆయన ముందు తలెత్తనివాడు, తలుపు బార్లా తీసి, "మాకు ఆఫీసు టైమైంది, మీరు దయచెయ్యండి" అన్నాడు.

ఆయన వెళ్ళాక నాగేంద్రమ్మ గొంతు సవరించుకుని, "ఏదే, ఓసారి చూడనీ" అని చెయ్యి చాపింది.

"చేతులు కడుక్కుని రండి" అంది హైమవతి.

ఆవిడ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నాకు పండగలా ఉంది. "ఇప్పటికైనా నీ కసి తీరిందా?" అని అడిగాను.

హైమవతి గిన్నెలో నీళ్ళు పోసి వరహాని ముంచింది. "మా అమ్మకి వినబడాలి వదినా. ఎంత గట్టిగా అరిపిస్తే వినబడుతుంది?" అంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా దాన్ని బయటికి తీసి, గుడ్డతో మెల్లిగా అద్దింది.