గంజి పెట్టిన రెక్కలు

మొన్న శుక్రవారం ఇక్కడ సౌదీలోని హుఫూఫ్‌లో కొత్తగా తెరిచిన కాఫీ హోటల్ ముందు నుంచి నడిచి వెళ్తుంటే, అద్దాల వెనక పైకప్పుకు వేలాడదీసిన పాత విమానం కనబడింది. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, ముక్కు దగ్గర చెక్క పంకా. కింద కుర్రాళ్ళు మురిసిపోతూ ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వీసా మీద తెప్పించుకున్న యజమాని, అంటే కఫీల్, సంతకం లేనిదే సొంత ఊరికి కూడా కదలలేని కాలం ఎలాంటిదో మా ఈడువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. హాయిల్‌లో డేరాలు కుట్టే షాపులో నేనూ, మా మేనమామ కొడుకు బావా పనిచేసే రోజుల్లో మా కఫీల్ ఈ విమానాన్ని ఎక్కడి నుంచో కొనుక్కొచ్చాడు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫ్రాన్సులో డబ్బున్నవాళ్ళు షికార్లు తిరగడానికి చేయించుకున్న రకమట. చెక్క చట్రం బాగానే ఉంది గానీ రెక్కల గుడ్డ పేలికలైపోయింది. గుడ్డ పని గనక మా నెత్తిన పడింది. సముద్రం ఒడ్డున రాస్ తనూరాలో కఫీల్ ఇచ్చే విందు నాటికి అది తయారైతే బావకు సెలవు కాగితం ఇస్తామన్నారు. ఊళ్ళో మేనమామ మంచం పట్టి, కొడుకు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. బావకు కావలసింది ఆ కాగితం ఒక్కటే.

నారగుడ్డ కుట్టాం. దాన్ని బిగించే వార్నిష్ మాత్రం రేవులోనే ఇరుక్కుపోయింది. మేనేజరు, వాడూ మన దేశం వాడే, ఏదో ఒకటి చేసి చావండని తిట్టిపోశాడు. మాది నేత పని చేసే ఇల్లు. బావ బియ్యం గంజి కాచి, "గంజి పెడితె గుడ్డ బిగియకపోతదారా, నువ్వు జూడు" అంటూ రెక్కలకు పూశాడు. హాయిల్ పొడిగాలికి అవి డప్పులా బిగిశాయి. మేనేజరు వేళ్ళతో వాయించి చూసుకుని, కఫీల్ దగ్గర మెప్పంతా తనే కొట్టేశాడు.

రాస్ తనూరాలో సముద్రపు తేమ తగిలేసరికి గంజి మెత్తబడి, రెక్కల గుడ్డ తడి పంచెలా వేలాడింది. అతిథుల ముందు కఫీల్ తల దించుకున్నాడు. గంజి సంగతే తనకు తెలియదన్నాడు ఆ మేనేజరు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. బావ సెలవు రద్దు చేయించి, వార్నిష్ వచ్చాక రెక్కలన్నీ మళ్ళీ మా చేతే కుట్టించాడు. ఆ కుట్టు మధ్యలోనే మేనమామ పోయాడని కబురొచ్చింది. చేతిలో సూది వదలకుండా బావ ఏడ్చిన ఏడుపు నేను మరవలేదు. ఆ మేనేజరును క్షమించలేదు, క్షమించను కూడా.

ఇప్పుడు సెలవు కాగితం ఫోన్‌లోకే వచ్చేస్తుందని, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదని కుర్రాళ్ళు అంటున్నారు. సంతోషమే, కానీ మా మేనమామ బతికుండగా అది రాలేదు.

ఇంటికెళ్ళిపోయిన బావకు విమానం ఫొటో పంపాను, నాతోపాటు నాలుగు తిట్లు తిడతాడని. జవాబొచ్చింది: "గుడ్డ బిగువుగనే ఉన్నదారా?"

ఉంది బావా అని రాశాను. నిజంగానే ఉంది. మేనమామ పోయిన రోజు కుట్టిన రెక్క ఏదో నాకు తెలుసు. సరిగ్గా దాని కిందే ఎవరో కూర్చుని కాఫీ తాగుతున్నారు.